రెండు గరిటెలు, ఒక మిషను

బిక్షపతి ఎదురుగా ఉన్నప్పుడు నేనెప్పుడూ ఆయన్ని "నువ్వు" అనే పిలిచాను. ఆయన నాకంటే నాలుగేళ్ళు పెద్ద. తెనాలి వైపు నుంచి వచ్చి ఒక కంపెనీ పర్చేజ్ సెక్షన్లో కుర్చీ సంపాదించుకున్న నాలాంటి గుమాస్తాకి ఉండే పొగరు అది, దాచుకోవడం దేనికి? ఇప్పుడు రాసేటప్పుడు "ఆయన" అంటున్నాను. కాగితం మీద మర్యాద చూపించడానికి పెద్దగా కష్టపడనక్కర్లేదు.

నాచారంలో మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. ఆయన జనగామ పక్కనున్న పల్లె నుంచి పద్దెనిమిదేళ్ళ వయసులో వచ్చి, ఇక్కడి పారిశ్రామికవాడలో మంటలార్పే సిలిండర్ల కంపెనీలో చేరాడు. ప్రతి దుకాణంలోనూ గోడకి వేలాడుతూ ఉంటాయే, ఎర్రవి, ఎవరూ ముట్టుకోనివి, అవే. వాటిలో పొడి నింపడం ఆయన పని. ఇరవై రెండేళ్ళు నింపాడు. కంపెనీ మూతపడ్డాక అదే పని ఇంటి ముందు గదుల్లో మొదలుపెట్టాడు. ఉప్పల్, నాచారం, మల్కాజిగిరి దుకాణాల నుంచి ఏడాదికోసారి పాత సిలిండర్లు బండి మీద తెచ్చి, ఖాళీ చేసి, కొత్త పొడి పోసి, గ్యాసు పట్టించి, తేదీ రాసిన స్టిక్కరు అతికించి తిరిగి ఇచ్చేవాడు. భార్య సాలమ్మ ఆయనతో సమానంగా పనిచేసేది.

పొడులు రెండు రకాలు. తెల్లది తినే సోడా జాతి. లేత పసుపుది ఎరువుల జాతి. ఏ సిలిండర్లో ఏది పోయాలో దాని మీదే రాసి ఉంటుంది. ఆ రెండూ కలవకూడదు. కలిసి, కాస్త తేమ తగిలితే చాలు, లోపల గ్యాసు పుడుతుంది, పొడి గడ్డకట్టి రాయవుతుంది. అప్పుడు మీట ఎంత నొక్కినా బుస్సుమని గాలి తప్ప పొడి రాదు. అందుకని ఆ ఇంట్లో తెల్ల పొడి ఒక గదిలో, పసుపు పొడి ఇంకో గదిలో ఉండేవి. తెల్లది బిక్షపతిది, పసుపుది సాలమ్మది. ఇద్దరికీ కిరాణా కొట్లో పప్పులు తోడే గరిటెల్లాంటివి చెరొకటి. ఒకరి గరిటె ఒకరు ముట్టరు. చీపుళ్ళు వేరు, తుడిచే బట్టలు వేరు. పసుపు గదిలోంచి తెల్ల గదిలోకి వెళ్ళాలంటే సాలమ్మ గడపలో నిలబడి చీర కుచ్చెళ్ళు దులుపుకునేది.

"మా బామ్మ మడి కూడా ఇంత గట్టిది కాదోయ్" అని నేను గోడ మీంచి నవ్వేవాణ్ణి.

"మడి గాదు సారు. కంపెనీల మా సూపర్‌వైజరు నేర్పిన పని. ఒకపారి గరిటె మార్సినందుకు అందరి ముంగట కొట్టిండు నన్ను" అని బిక్షపతి కూడా నవ్వేవాడు. "నేను నింపిన సిలిండర్ ఒక్కటన్న పనిజెయ్యలేదన్న మాట ఇప్పటిదాంక రాలే. గదొక్కటే నాకున్నది."

అది గొప్పకి అన్నమాట కాదు. నాలుగు కిలోల సిలిండర్లో గరిటెతో పోసి, కాటా మీద పెట్టకముందే ఎంత తక్కువో, ఎంత ఎక్కువో చెప్పేవాడు. నేను కావాలని చాలాసార్లు పరీక్ష పెట్టాను. నేనే ఓడిపోయాను.

గొడవంతా సాలమ్మ దగ్గుతో మొదలైంది. ఇరవై ఏళ్ళు ఆ దుమ్ములో నిలబడింది. మొదట పొద్దున పూట దగ్గేది, తర్వాత మాట మధ్యలో దగ్గేది, ఆ తర్వాత మెట్లెక్కితే ఊపిరందక గోడ పట్టుకుని నిలబడిపోయేది. దవాఖానాలో డాక్టరు, పొడి గాల్లోకి లేచే పని ఇక చెయ్యకూడదని గట్టిగా చెప్పాడు. దుమ్ము లేవకుండా పైపుతో పొడిని లాగి సిలిండర్లోకి పోసే మిషన్లుంటాయి. అలాంటిది కొనాలని బిక్షపతి నిశ్చయించుకున్నాడు. నిశ్చయించుకుని, నా దగ్గరికి వచ్చాడు.

"మీరు కొనుగోళ్ళ ఆఫీసర్లు గద సారు. జర మంచిది జూసి చెప్పున్రి."

నేను ఆఫీసర్ని కాను. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

మూడు చోట్ల నుంచి కొటేషన్లు తెప్పించాను. అడ్డగీతలూ నిలువుగీతలూ కొట్టి పట్టిక వేశాను. ధర, గంటకెన్ని సిలిండర్లు, గ్యారంటీ, కరెంటు. ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను చేస్తున్నది అదే. చివరికి రెండు దారులు మిగిలాయి. ఒకటి, రెండు చిన్న మిషన్లు కొనుక్కోవడం, ఒక్కో పొడికి ఒక్కోటి. పని నెమ్మది, తూకం కూడా మళ్ళీ చేతి కాటా మీదే. రెండోది, ఒకే పెద్ద మిషను. నాలుగు కిలోలు అని మీట నొక్కితే నాలుగు కిలోలు పోసి అదే ఆగిపోతుంది, ఎర్ర అంకెలు వెలుగుతాయి. ఆ పెద్ద మిషను అమ్మేవాడు మా కంపెనీకి కూడా సరుకిచ్చేవాడే. నా మొహం చూసి, కంపెనీ రేటుకే ఇస్తానన్నాడు.

బిక్షపతికి రెండు చిన్నవే కావాలనిపించింది. పెద్దదాని బొమ్మ కాసేపు చూసి, "గీ గరాటల ఒక పొడి పోసినంక జర మిగుల్తది గదా సారు. దాని మీద ఇంకో పొడి పోస్తె?" అని అడిగాడు.

"రెండు నిమిషాలు గాలి కొట్టి ఖాళీగా తిప్పితే శుభ్రమైపోతుందట. కంపెనీవాడే చెప్పాడు" అన్నాను.

గుమ్మంలో కూర్చున్న సాలమ్మ దగ్గు ఆపుకుని అంది. "ఒక్క గిన్నెల పాలు కాశి, గండ్లనే చింతపండు చారు కాస్తమా సారు?"

"కడిగి కాచుకుంటాం కదమ్మా."

"గిది కడిగేది గాదు గదా. నీళ్ళు తగిల్తెనే ఖరాబు."

చదువు లేని మనిషి రెండు ముక్కల్లో తేల్చేసిన విషయం అది. నా పట్టికలో దానికి గడి లేదు. గడి లేని విషయాన్ని నేను లెక్కలోకి తీసుకోను, అది నా ఉద్యోగం నాకు నేర్పిన జబ్బు. పైగా నాకు ఆ ఎర్ర అంకెల మీద మోజు పుట్టింది. "ఇంకా ఎన్నాళ్ళు గరిటెలు పట్టుకుంటారు? కాలం మారింది బిక్షపతీ" అన్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని మావైపు సామెత. ఆయన ఒకసారి సాలమ్మ వైపు చూశాడు, ఒకసారి నా కళ్ళజోడు వైపు చూశాడు.

"సరే సారు. మీరు సదువుకున్నోళ్ళు" అన్నాడు.

మే చివర్లో మిషను వచ్చింది. రేటు మా కంపెనీది కాబట్టి బిల్లు నా పేరు మీదే రాయించాను. సాలమ్మ పసుపు గదికి తాళం వేసి, వంటింట్లో కూర్చుంది. నెలలో ఆమె దగ్గు సగానికి తగ్గింది. నేను గోడ మీంచి చూసి మురిసిపోయాను. బిక్షపతి మాత్రం పొడి మార్చిన ప్రతిసారీ నాలుగు నిమిషాలు గాలి కొట్టేవాడు, పైపు విప్పి కర్రకి గుడ్డ చుట్టి తుడిచేవాడు. మిషను లోపలి వంపుల్లోకి ఆయన కర్ర వెళ్ళదు కదా.

జులైలో ముసురు పట్టింది. ఒకరోజు ఆయన ఉప్పల్ చౌరస్తాలో టిఫిన్ సెంటర్ దగ్గర చాయ్ తాగుతూ, అలవాటు కొద్దీ గోడ మీది సిలిండర్ వైపు చూశాడు. జూన్‌లో తను నింపిందే. దాని మీటరు ముల్లు పచ్చ గీత దాటి ఎర్రలోకి పోయి ఉంది. చాయ్ గ్లాసు అక్కడే పెట్టేసి, దాన్ని ఇంటికి తెచ్చి, గ్యాసు వదిలి మూత విప్పాడు. నన్ను పిలిచాడు.

"సారూ, జర గిది సూడున్రి."

ఇనుప చువ్వ లోపల పెట్టి కొడితే టక్కుమని చప్పుడొచ్చింది. పసుపు పొడి అట్టకట్టి రాయై కూర్చుంది. మధ్యలో తెల్ల చార కనిపిస్తోంది.

ఆ క్షణాన నా తప్పే అని అనాల్సింది. "వర్షాకాలం కదా, పొడి నాసిరకం అయ్యుంటుంది" అన్నాను. బిక్షపతి ఆ తెల్ల చారని వేలితో తడిమి, "అయ్యుండొచ్చు సారు" అన్నాడు. ఆయనకి తెలుసు. నాకు తెలుసని కూడా ఆయనకి తెలుసు. లోపలికి వెళ్ళి మిషను తీగ పీకేసి, అటక మీంచి రెండు గరిటెలూ దించాడు.

మిషను వచ్చాక నింపినవి అరవై మూడు సిలిండర్లు. ఏది బాగుందో, ఏది పాడైందో పైకి తెలియదు. పాడైనా కొన్నిట్లో ముల్లు కదలదు. అన్నీ వెనక్కి తేవాలని ఆయన పట్టుబట్టాడు. ఏది ఎక్కడుందో సాలమ్మ కాగితం చూడకుండానే చెప్పింది. మూతి సొట్టపోయింది ట్యూషన్ సెంటర్ది, అడుగున రంగు లేచింది బట్టల కొట్టుది, అలా. పాత టీవీఎస్ బండి మీద వానలో తిరిగి, నాలుగేసి చొప్పున మోసుకొచ్చి, పొడి కొట్టి తీసి, మళ్ళీ చేత్తో నింపి, తిరిగి ఇచ్చి వచ్చాడు. ఒక్కడి చేత కాక సాలమ్మ కూడా మళ్ళీ పసుపు గది తాళం తీసింది. మళ్ళీ దగ్గు ఎత్తుకుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నేను ఆ పక్షం రోజులూ గోడ అవతల నుంచి విన్నాను.

"ఉచితంగా సర్వీసింగ్ చేస్తున్నానని చెప్పొచ్చుగా. తప్పు జరిగిందని ఊరంతా చెప్పుకోవడం ఎందుకు?" అన్నాను ఒకరోజు.

"సర్వీసింగ్ అంటె రేపు రా, ఎల్లుండి రా అంటరు సారు. ఖరాబైందని జెప్తెనే జల్ది ఇస్తరు."

అందరూ ఇచ్చారు. ఇచ్చినవాళ్ళలో సగంమంది వచ్చే ఏడాదికి ఇంకొకణ్ణి చూసుకుంటామని కూడా చెప్పారు. ఒక్కచోట మాత్రం ఇవ్వలేదు. ఉప్పల్లో శశిధర్ అనే ఆయన స్పాంజి పరుపుల దుకాణం. అక్కడ రెండు సిలిండర్లున్నాయి. బిక్షపతి మూడుసార్లు వెళ్ళాడు.

"స్టిక్కరు మీద వచ్చే జూన్ దాక ఉన్నది గదా. ఎందుకు దీస్కపోతవు?" అన్నాడట శశిధర్.

"లోపల పొడి గట్టిపడి ఉంటది సేటు. వీటి జాగల వేరేవి పెట్టి పోత."

"వేరేవి ఎట్ల పెడ్తవయ్యా? ఇన్సూరెన్సు కాయితంల గీ నంబర్లే రాసుకున్నరు. గోడకున్నయి, ఉండనీ. నా దుకాన్ల ఏం గాదు."

అప్పుడు బిక్షపతి నన్ను అడిగాడు. "మీరొక్కపారి వచ్చి జెప్పున్రి సారు. నేను జెప్తె ఇంటలేడు. మీరు ఇంగ్లీషుల రెండు మాటలు జెప్తె ఇంటడు."

ఆఫీసులో ఆడిట్ ఉందన్నాను. నిజంగానే ఉంది. కానీ ఆడిట్ ఆదివారం ఉండదు.

ఆగస్టులో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆ దుకాణంలో ఫ్యాను తీగ కాలి, నిప్పురవ్వ పరుపుల మీద పడింది. శశిధర్ భోజనానికి వెళ్ళాడు. ఉన్నది ఉమాపతి ఒక్కడే. నల్లగొండ జిల్లా నుంచి వచ్చి, అక్కడే కాపలా కాస్తూ, అక్కడే సరుకు మోస్తూ ఉండే మనిషి. మంట అప్పటికి చాప వెడల్పే ఉంది. అతను పరిగెత్తి సిలిండర్ దించాడు, పిన్ను లాగాడు, నొక్కాడు. బుస్సుమంది. పొడి రాలేదు. రెండోది దించాడు. అదీ అంతే. ఇక సిలిండర్లు పారేసి, అంటుకున్న పరుపుల్ని చేతుల్తో బయటికి లాగడం మొదలుపెట్టాడు. దుకాణం దక్కలేదు. మోచేతుల దాకా అతని చేతులు కాలిపోయాయి.

మర్నాడు పొద్దున బిక్షపతి మా గుమ్మంలో నిలబడ్డాడు. ఏడుస్తున్నాడని నాకు వెంటనే అర్థం కాలేదు, మొహంలో ఏ కదలికా లేదు. "దవాఖానాకు పోవాలె. తోడు రాండ్రి సారు" అన్నాడు. ఈసారి వెళ్ళాను.

ఉమాపతికి రెండు చేతులకీ తెల్ల కట్లు. బిక్షపతిని చూడగానే లేచి కూర్చోబోయాడు. ఈయన నోరు విప్పేలోగా అతనే అందుకున్నాడు.

"అన్నా, పోయినేడు నువ్వు నాకు జూపిచ్చినవు గదా, పిన్ను గుంజాలె, గట్టిగ ఒత్తాలె అని. గట్లనే జేసిన అనుకున్న. యాడనో తప్పు ఒత్తిన. నాకు ఒత్తుడు రాకనే దుకానం కాలిందని సేటు పోలీసోళ్ళకు రాసిచ్చిండు. పనిల నుంచి గూడ దీసేసిండు. తప్పు నాదే గదా, ఏమంటా?"

బిక్షపతి మంచం పట్టీ పట్టుకున్నాడు.

"నువ్వు మంచిగనే ఒత్తినవు తమ్మీ. లోపల పొడి రాయి అయింది. నింపింది నేను. తప్పు నాది."

ఉమాపతి కోప్పడతాడనుకున్నాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. అతను "నిజంగనా అన్నా?" అని అడిగాడు. అడిగి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "మా బిడ్డ సుత అడిగింది, నాయినా నీకు గంత మాత్రం ఒత్తరాదా అని. జర గీ ముచ్చట సేటుకు జెప్పన్నా. నా మీది నుంచి గా మాట దీసెయ్యమను. పని ఇయ్యకున్నా మంచిదే."

ఆ మంచానికి ఇవతల నేను నిలబడి ఉన్నాను. మిషను ఎంచింది నేను. ఈయన రెండు మిషన్లు అడిగితే ఒకటి చాలన్నది నేను. బిక్షపతి నా వైపు ఒక్కసారైనా చూస్తాడేమో, చూస్తే చెప్పేద్దాం అనుకున్నాను. ఆయన చూడలేదు.

దవాఖానా నుంచి ఆయన నేరుగా శశిధర్ దగ్గరికి వెళ్ళాడు. మసి పట్టిన గోడల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్న శశిధర్ అంతా విని, "సిలిండర్లు ఖరాబుండెనని తెల్సి గూడ గోడకు పెట్టుకున్ననంటె నాకు క్లెయిము వస్తదా? నువ్వు మూడుపార్ల వచ్చినవని ఎవరికన్న జెప్పినవా?" అని భయంగా అడిగాడట. తర్వాత భయం పోయి, "నువ్వు నోటితోని జెప్తె ఎవరు నమ్ముతరు? కాయితం ఉన్నదా?" అన్నాడట.

ఆ కాయితం కోసం బిక్షపతి ఆ సాయంత్రం మళ్ళీ నా దగ్గరికి వచ్చాడు. ఈసారి గోడ అవతల నుంచి పిలవలేదు. లోపలికి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మిషను ఎప్పుడొచ్చింది, ఎట్ల పనిజేస్తది, అండ్ల పొడులు ఎట్ల గలిసినయి, గివన్ని ఇంగ్లీషుల సక్కగ రాసియ్యన్రి సారు. స్టేషన్ల ఇస్త. తప్పంత నాదని నా పేరే రాయన్రి. మీ పేరు వద్దు."

మీ పేరు వద్దు అని ఆయనే అన్నాడు. నేను అడగకుండానే అన్నాడు. కానీ మిషను బిల్లు నా పేరు మీద ఉంది. కంపెనీకి సరుకిచ్చేవాడి దగ్గర సొంతానికి తగ్గింపు పుచ్చుకున్న గుమాస్తాని కంపెనీ ఏం చేస్తుందో నాకు బాగా తెలుసు. నా రిటైర్మెంటుకి రెండేళ్ళుంది. ఇవన్నీ ఆయన ఎదురుగా నిలబడి ఉండగానే, ఒక్క నిమిషంలో, నా బుర్రలో గడుల్లో సర్దుకున్నాయి.

"చూద్దాం బిక్షపతీ" అన్నాను.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను "చూద్దాం" అన్నాక ఏ మనిషీ రెండోసారి రాలేదు, దాని అర్థం అందరికీ తెలుసు. ఆయనా రాలేదు. మిషను పాత ఇనుప సామాన్లవాడికి వేసేసి, ఇప్పుడు నారపల్లిలో ప్లాట్ల వెంచర్ గేటు దగ్గర కాపలా కూర్చుంటున్నాడు. సాలమ్మ నాతో మాట్లాడదు. ఉమాపతి చేతి కట్లు విప్పించుకుని ఊరెళ్ళిపోయాడు. అతనికి సిలిండర్ నొక్కడం రాక దుకాణం కాలిపోయిందని రాసిన కాగితం మాత్రం ఇక్కడి పోలీసు స్టేషన్లో, ఎవరూ అడ్డగీత కొట్టెయ్యకుండా, అలాగే ఉంది.